సూళ్ళూరుపేట చెంగాళమ్మ: పురావృత్తము, ఆలయము, ఉత్సవములు

శ్రీహరికోట దీవికిఁ బోవు బాట సూళ్ళూరుపేటయొద్ద రాజమార్గమును విడిచి తూర్పుమొగముగఁ దిరుగును. చెన్నపట్టణమునకు నుత్తరముగ రమారమి 80 కిలోమీటరుల దూరమున, కాళంగినది యొడ్డున నున్న యీ పట్టణము చిరకాలము నెల్లూరుమండలమునఁ జేరియుండి, 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీని క్రొత్తగ నేర్పడిన తిరుపతిజిల్లాలోనికి వచ్చినది. కాళంగి యిచ్చటికి దిగువను ప్రళయకావేరి యను నుప్పునీటి సరస్సునఁ గలియును. ఆ సరస్సున కావల, సముద్రమున కీవల, నడుమ నిలిచిన యిసుకనేలయే శ్రీహరికోట. దీవిలోనివారికిని, సరస్సు నంటియున్న పల్లెలవారికిని బయటిలోకమునకు వాకిలి సూళ్ళూరుపేటయే. ఆ వాకిట వెలసిన దేవత చెంగాళమ్మ. వాకిటనున్న యీ దేవత గుడికి మాత్రము మూయు తలుపులు లేవు. ఈ యొక్క విశేషముచేతనే యామె పేరు నెల్లూరుసీమ దాఁటి వ్యాపించినది. తలుపుల కథకంటెఁ బ్రాచీనతరమైన విషయము లీ గుడి నాశ్రయించి యున్నవి. వానిని ముందుగ విచారించుట యుక్తము.

ఈ ప్రాంతమునఁ దెలుఁగును నరవమును గలసి మెలసి వేయేండ్లకుఁ బైఁబడినది. బటర్వర్తుగారును వేణుగోపాలచెట్టిగారును 1905లో మూఁడు సంపుటములుగఁ బ్రకటించిన నెల్లూరు శాసనములను జూచినవారు దక్షిణ తాలూకాలలోని ప్రాచీనశాసనములు పెక్కు లరవభాషలో నుండుట యెఱుఁగుదురు. కావున నిచ్చటి పేరులను దెలుఁ గొక్కదానినే పట్టుకొని విడఁదీయఁబూనినఁ జిక్కులు తప్పవు. ప్రళయకావేరియే యిందుకు సాక్షి. ఇచ్చటఁ గావేరి లేదు, ప్రళయమును లేదు. అరవమునఁ బఴవేఱ్కాడని పిలువఁబడు రేవుపేరు తెలుఁగువారి నోటఁ బడి ప్రళయకావేరి యయ్యెను. 1613లో నచ్చట గెల్డ్రియా యను కోటను గట్టుకొన్న ఓలందువారి నోటఁ బడి పులికాట్ అయ్యెను. జనులు దమ కర్థము గాని మాటకు నర్థమైన మాటను దొడిగి యూఱడిల్లుదురు. అట్టి తొడుగు తఱచుగ నసలుకంటె నందముగ నుండును.

శ్రీహరికోట పేరును గూర్చియు నిట్టి కథయే కలదు. పూర్వ మీ దీవియం దరకోటి శివలింగములు ప్రతిష్ఠింపఁబడె ననియు, నందుచే దీనికి నరకోటి యను పేరు గలిగి, కాలక్రమమున శ్రీకారము ముందు చేరి శ్రీహరికోట యయ్యె ననియుఁ జెప్పుదురు. శివలింగములవలనఁ బుట్టినదను పేరు హరినామమై ముగియుట వింతయే. 50 లక్షల లింగములను లెక్కించిన వారెవ్వరును లేరు గనుక దీనిని జరిత్రగాఁ గొనఁ బనిలేదు. అయినను జుట్టునున్న పల్లెలవా రా దీవిని దేవతల కాఁపురముగ నెంచిరనుట కీ కథ చాలును. చెంగాళమ్మ కథయు నీ భావముతోడనే ముడివడినది.

అమ్మవారు వెలసిన వృత్తాంతము నిట్లు చెప్పుదురు. కాళంగియొడ్డునఁ బసుల మేపుకొను కాపరులు కొంద ఱొకనాఁడు నదిలో నీఁదులాడుచుండిరి. వారిలో నొకఁడు సుడిలోఁ జిక్కుకొని కొట్టుకొనిపోవుచు, జేతికందిన ఱాతి నొకదానిని గట్టిగఁ బట్టుకొని ప్రాణములు దక్కించుకొనెను. ఒడ్డునకుఁ దెచ్చి చూడఁగ నది వట్టి ఱాయి గాదు, రక్కసుని మర్దించుచున్న యెనిమిదిచేతుల దేవీవిగ్రహము. కాపరు లా విగ్రహమును వెల్లకిలఁ బరుండఁబెట్టి యిండ్లకుఁ బోయిరి. మఱునాఁ డూరివారు వచ్చి చూచునప్పటి కది తనంతఁ దానే లేచి దక్షిణాభిముఖముగ నిలిచియుండెను. అంత నచ్చటనే గుడి కట్టి, తెన్దిక్కు చూచు కాళి గావునఁ దెన్కాళి యని పిలిచి రనియు, నదియే చెంగాళి యయ్యె ననియుఁ గథ.

పసులకాపరులకు దేవత దొరకుట దక్షిణదేశపు స్థలకథలలోఁ దఱచు. పుట్టపై నావు పాలు చేఁపుట, గడ్డపాఱ తగిలి నెత్తు రొలుకుట, కలలో దేవత కనఁబడి తన చోటు చెప్పుట మొదలగు ఘట్టము లందఱును విన్నవే. చెంగాళమ్మ కథలో నావు లేదు, నెత్తురు లేదు, కలయు లేదు. మునుఁగుచున్న వాఁ డొకఁడు దేవత యని యెఱుఁగకయే యామెను బట్టుకొనెను. మ్రొక్కు చెల్లింపకముందే, పేరైనఁ దెలియకముందే యామె కాచెను. నదిదాఁటి, సరస్సు దాఁటి బ్రదుకవలసిన బెస్తలకును గాపరులకును దగిన కథ యిది. స్థలపురాణములను సంస్కృతశ్లోకములలోనికి దింపిన పండితులు దీనిని బెద్దగా ముట్టలేదు గాఁబోలు. కథ పల్లెవాని నోటి తీరుననే నిలిచినది.

ఇఁక పేరు. తెన్కాళి యను రూపమున కనుకూలముగఁ దెన్కాశి మొదలగు పేరులు గలవు. అరవమునఁ దెన్ ననఁగ దక్షిణము. కాని తెన్ననునది చెన్నగుటకు దారి కనఁబడదు. తెన్కాశి నేఁటికిని దెన్కాశియే కాని చెంగాశి కాలేదు. భాషాసంప్రదాయమును బట్టి చూచిన వేఱొక విభాగము సులభముగఁ దోఁచును. ఎఱ్ఱనిదను నర్థమునఁ జెం యను పూర్వపదము తెలుఁగునఁ గలదు. చెందామర, చెంగలువ, చెంగావి యను మాటలు పసిబిడ్డలకును దెలియును. కలువ గలువ యైనట్లును, గావి గావి యైనట్లును, గాళియు గాళి యగును. కావునఁ జెంగాళి యనఁగ నెఱ్ఱనికాళి. అరవమునను నీ పూర్వపద మిట్లే వర్తించును. సూళ్ళూరుపేటకు దక్షిణముననున్న చెంగల్పట్టు పేరును జెంగలువల పేరే. కుంకుమతో నెఱ్ఱవాఱిన ఱాతివిగ్రహమునకుఁ బల్లెవా రిట్టి పేరు పెట్టుట సహజము. దక్షిణముఖమును జెప్పు కథ యుండుటచేఁ దెన్కాళి యను వ్యుత్పత్తి పిదపఁ బుట్టి కథతో నతుకుకొనెనని తలఁచుట కవకాశము గలదు. ఏది నిజమైనను గాళి శబ్దము మాత్రము రెంటను నిలిచినది. పరమేశ్వరి యను బిరుద మటుపిమ్మటిది. ఇప్పు డామెను శ్రీచెంగాళమ్మ పరమేశ్వరి యనియు, లక్ష్మీసరస్వతీపార్వతుల మువ్వురి యంశము గలదనియుఁ గొలుతురు. గ్రామదేవత పురాణదేవతయగు క్రమము దక్షిణదేశమున నెల్లెడలఁ గానవచ్చునదే.

కథలో వర్ణింపఁబడిన యష్టభుజరూపము సామాన్యగ్రామదేవతల రూపము గాదు. పోలేరమ్మ, అంకమ్మ మొదలగు వారు పెక్కుచోటుల ముఖమాత్రముగనో, వట్టి ఱాయిగనో, మట్టిబొమ్మగనో యుందురు. సూళ్ళూరుపేటకుఁ బడమర వాయవ్యముగనున్న వేంకటగిరిలోఁ బోలేరమ్మ జాతరకు నేఁటేఁట మట్టితో విగ్రహమును జేసి, పూజించి, యుత్సవాంతమున విరూపణము చేయుదురు. అచ్చట దేవత యొక్కనాఁడు వచ్చి మఱునాఁడు పోవును. చెంగాళమ్మయన్ననో రక్కసుని మెట్టి నిలిచిన శిలామూర్తి. ఇట్టి యెనిమిదిచేతుల మహిషమర్దనిని దొండమండలమున వ్యాపింపఁజేసినవారు పల్లవులు. మామల్లపురమున సింహము నెక్కి మహిషునితోఁ బోరాడు దేవియు, నచ్చటనే ఆదివరాహగుహలో మహిషశిరస్సుపై నిలిచిన దేవియు శిల్పశాస్త్రవిదులకు సుపరిచితలు. పల్లవరాజ్య ముత్తరమున నెల్లూరుసీమదాఁకఁ బర్వియుండెను. కావునఁ గాళంగియొడ్డునఁ గాళి యుండుటయు, నామె మహిషమర్దనియగుటయు నాశ్చర్యకరములు గావు.

ఆ పల్లవకాలమున నీ దేవిని గొలిచిన తీరు మాత్రము నేఁటివారి కొడలు జలదరింపఁజేయునట్టిది. మామల్లపురమునందలి ద్రౌపదీరథములో దేవిపాదములయొద్ద మోకరిల్లిన భక్తులలో నొకఁడు తన తలను దానే కోసికొనఁబోవుచున్నట్లు చెక్కఁబడియున్నది. దీనిని జాలకాలము వెండ్రుకలు సమర్పించుట యని తలఁచుచుండిరి. ఓలందుదేశీయుఁడగు ఫోగెల్ పండితుఁడు 1931లో నిట్టి శిల్పముల నన్నిటిని జేర్చి పరిశీలించి, యవి శిరస్సమర్పణమును జూపునవియని తెల్పెను. ఈ విషయమున కాధారమగు శాసనము సూళ్ళూరుపేట కుత్తరమున, నాయుఁడుపేట ప్రాంతమునందలి మల్లాములోఁ గలదు. మల్లాము నేఁడు సుబ్రహ్మణ్యస్వామి యాలయముచేతఁ బ్రసిద్ధము. అచ్చటి యరవశాసనము పల్లవుఁడగు కంపవర్మ 20వ రాజ్యవత్సరము నాఁటిది. అనఁగఁ గ్రీస్తుశకము 9వ శతాబ్ది యుత్తరార్ధమున వ్రాయఁబడినది. పట్టైపొత్త ననువాఁడు భటారి యను దేవికి నవఖండము సమర్పించె నని యది చెప్పుచున్నది. తన యొడలిలోఁ దొమ్మిదిచోటుల మాంసమును గోసి యర్పించి, కడపటఁ దలను దఱిగి దేవి పీఠముపై నుంచెనఁట. ఊరివా రాతని కృత్యమును మెచ్చి భూమి నొసఁగిరి. భటారి యనఁగ నచ్చటి దుర్గయే.

ఈ యాచార మాంధ్రదేశమునఁ బల్లవులతో నంతరింపలేదు. శ్రీశైలమున వీరశిరోమండపమును రెడ్డిరాజగు ననవేమారెడ్డి శకవర్షము 1299లో, అనఁగ 1377లోఁ గట్టించెను. భక్తులు శిరస్సులను, జిహ్వలను నఱకుకొని మల్లికార్జునున కర్పించుట కేర్పడిన మండప మది. మల్లామునందు నొక గ్రామవీరుని కథగ నున్నది శ్రీశైలమున రాజు కట్టించిన కట్టడముగ నున్నది. రెంటికిని నడుమ నైదువందల యేండ్ల యంతరము గలదు. కాళంగియొడ్డున నిట్టిది జరిగెనని చెప్పుట సాహసము. కాని చెంగాళమ్మను మొట్టమొదటఁ గొలిచినవా రే లోకమున నుండిరో, దేవికి మ్రొక్కుట యనఁగ వారికే యర్థము స్ఫురించుచుండెనో తెలియుటకు మల్లాము శాసనము మఱువరానిది. ముందు చెప్పఁబోవు సుళ్ళయుత్సవము నర్థముచేసికొనుటకును నిదియే దారి చూపును.

ఆలయమునకు వత్తము. శైవవైష్ణవాలయములలోఁ గవాటబంధనము, ద్వారోద్ఘాటనము నిత్యార్చనలో భాగములు. రాత్రి దేవుని శయనింపఁజేసి తలుపులు మూయుదురు. వేకువను మేల్కొలుపు పాడి తెఱతురు. దేవుఁడు రాజు, గుడి రాజమందిరము, తలుపులు రాజమర్యాద. చెంగాళమ్మ గుడి యీ భావమునకు లొంగలేదు. ఇచ్చట రాత్రింబవళ్ళును దేవి కొలువుననే యుండును. ఏవేళ వచ్చినవానికైనను దర్శనము గలదు.

దీనికిఁ గారణముగఁ జెప్పు కథ యిది. ఒకప్పుడు దొంగలభయముచేత ఆలయపు పెద్దలు గుడికిఁ దలుపు లమర్పఁ దలఁచి, వడ్రంగిచేఁ జెక్కతలుపులను జేయించిరి. దేవి కలలోఁ గనఁబడి, తనకును భక్తులకును నడుమ నడ్డు వలదని చెప్పెను. తలుపులను వాడక గుడివెనుకఁ బడవైచిరి. కొంతకాలమునకు నా యెండుచెక్కలు చిగిర్చి చెట్టయ్యెనఁట. గుడివెనుక చెట్టును జూపి యిప్పటికిని నీ కథ చెప్పుదురు. సంతానము గోరు స్త్రీలు దానికి ముడుపులు కట్టుదురు. కథను గల్పించినవాఁ డెవ్వఁడో కాని నేర్పరి. తలుపులు మూయుటకై నఱకఁబడిన మ్రాను తిరిగి మ్రానైపోయినది. అదియుఁగాక గ్రామదేవతలు గుడులు పుట్టకముందు చెట్లక్రిందనే కొలువుండెడివారు. చెట్టుక్రింద నుండు దేవతకుఁ దలుపేడది? కాలక్రమమున గోడలు లేచినను, మండపములు లేచినను, ఆ మొదటి బట్టబయలుదనమును జనులు వదలుకొన నొల్లరయిరి కాఁబోలును. తలుపులు చెట్టగుట యను కథలో నా పాతచెట్టే తిరిగి వచ్చినట్లున్నది.

ద్వారమును గూర్చిన నియమములు తక్కిన దేశములలోను లేకపోలేదు. రోమాపురమున జానస్ దేవుని యాలయద్వారములు యుద్ధకాలమునఁ దెఱచియు, శాంతికాలమున మూసియు నుండెడివి. తన పాలనలో నవి మూఁడుమాఱులు మూయఁబడె నని ఆగస్టస్ చక్రవర్తి గొప్పగఁ జెప్పుకొనెను. అచ్చట మూయుట క్షేమచిహ్నము. కాళంగియొడ్డున మూయకుండుటయే క్షేమచిహ్నము. రక్కసునితో దేవి పోరు ముగియలేదు గనుకఁ గాపుగాయుచున్న దని యొకఁ డన్నను దప్పులేదు. సుడిలోఁ జిక్కుకొన్నవాఁడు వేళ చూచుకొని రాఁడని యింకొకఁ డన్నను దప్పులేదు.

ఉత్సవములలో నవరాత్రులు తక్కినచోటులవలెనే జరుగును. వానిని గూర్చి విస్తరింపఁ బనిలేదు. ఈ గుడికి సొంతమైనది బ్రహ్మోత్సవము. దీని నేడేండ్ల కొకమాఱు జరుపుట పూర్వాచారము. ఏఁటేఁట జాతర జరుగుట గ్రామదేవతలకు వాడుక. మేడారమున సమ్మక్క సారలమ్మలకు రెండేండ్ల కొకమాఱు జరుగును. ఏడేండ్ల గడువన్నచోఁ బ్రయాసము, వ్యయము, ఊరుమ్మడి పూనిక యెంతయో కావలయును. ఒకతరమువారి యాయువులో నీ యుత్సవము పదిమాఱులు వచ్చుటయు నరుదు. బ్రహ్మోత్సవ మను పే రాగమములనుండి తెచ్చుకొన్నది. పేరు గొప్పదైనను లోనున్న ప్రధానాంశము మాత్ర మాగమములలోనిది గాదు, అది సుళ్ళు.

నిడుపైన మ్రానొకదానిని నిలిపి, దానిపై నడ్డముగఁ దిరుగునట్లు వేఱొక మ్రాను నమర్చి, దాని కొననొక మేకపోతును గట్టి మూఁడుమాఱులు గుండ్రముగఁ ద్రిప్పుదురు. దీనినే సుళ్ళుత్సవ మందురు. దీనివలననే యూరికి సూళ్ళూరను పేరు గలిగె ననియు, నటుపిమ్మటఁ బేట చేరె ననియుఁ జెప్పుదురు. ఈ వ్యుత్పత్తి తక్కినవానివలెఁ ద్రోసిపుచ్చఁదగినది గాదు. తెలుఁగున సుడి యనఁగఁ దిరుగుట, నీటి తిరుగుడు. గుడి గుళ్ళైనట్లును, బడి బళ్ళైనట్లును సుడి సుళ్ళగును. అరవమున దీని రూపము సుఴి. ఆ భాషలోని ఴకారము తెలుఁగునఁ బెక్కుచోటుల డకారమగును. కోఴి కోడియు, నేఴు ఏడును నైనట్లే సుఴి సుడి యైనది. చుట్టుముట్టుట యను నర్థమున సూఴ్ అను దీర్ఘరూపమును నరవమునఁ గలదు గనుక, సూళ్ళూరను దీర్ఘము నిష్కారణము గాదు. సుళ్ళ యూరు సుళ్ళూరు.

అయితే యే సుళ్ళు? ఉత్సవములోని సుళ్ళా, నదిలోని సుళ్ళా? వెలసిన కథలోఁ గాపరివాఁడు చిక్కుకొన్నదియు సుడియే. పల్లెలు మొదట నేటినో, గట్టునో, చెట్టునో బట్టి పేరు దాల్చుట లోకవాడుక. ఉత్సవమును బట్టి పేరు దాల్చుట తక్కువ. కాళంగి మలుపులలోని సుళ్ళనుబట్టి యూరు సుళ్ళూరయి, యా సుడినుండి కాచిన దేవతకు సుడి తిరుగు మ్రొక్కే తగినదని జనులు భావించిరేమో. నీటిలో మనుష్యుఁడు తిరిగినట్లు మ్రానిపై మేక తిరుగును. నీటిసుడి కాపరివానిని మ్రింగ నెంచెను. మ్రానిసుడి వానికి మాఱుగ మేకను దేవి కెదుటఁ ద్రిప్పును. కథకును నుత్సవమునకును నింత చక్కని పొందిక కాకతాళీయముగఁ గుదురునా యని సందేహింపవచ్చును.

మనుష్యునికి మాఱుగ మేక యనుటకు వేఱు నిదర్శనములును గలవు. మ్రానుకొనను వ్రేలాడి తిరుగు మ్రొక్కు దక్షిణదేశ మంతట నుండెను. తెలుఁగున నది సిడి; అరవమునఁ జెడిల్. వీఁపుచర్మమున నినుపకొక్కెములు గుచ్చి, త్రాటితో మ్రానుకొనకుఁ గట్టి, మ్రొక్కుకొన్నవానిని పై కెత్తి త్రిప్పెడివారు. విజయనగరరాజ్యమును జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు బర్బోసా రమారమి 1518లో వ్రాసిన గ్రంథమున నీ మ్రొక్కును వర్ణించెను. తాను గోరిన మగని బెండ్లాడఁగోరి మ్రొక్కుకొన్న కన్యక యట్లు వ్రేలాడుచు, నొడలినుండి నెత్తురు కాఱుచున్నను బాడుచు, మగనిపైని జుట్టములపైని నిమ్మపండ్లు విసరుచుండెనని యాతఁడు చెప్పెను. 19వ శతాబ్దియుత్తరార్ధమున నాంగ్లప్రభుత్వ మీ యాచారమును మాన్పఁబూనెను. కొన్నిచోటులఁ బూర్తిగ మానిరి. కొన్నిచోటుల మనుష్యునికి బదులు మేకనో, బొమ్మనో కట్టి మ్రానును ద్రిప్పసాగిరి. మైసూరుసీమలో సిడివీరన్న యను బొమ్మకుఁ గత్తియు డాలు నిచ్చి, తలపాగ చుట్టి త్రిప్పువాడుకను థర్స్టన్ గారు 1906లోఁ బ్రకటించిన గ్రంథమునఁ బేర్కొనిరి. విజయనగరమున పైడితల్లి సిరిమాను సంబరములో మాత్రము మ్రానుకొన నిప్పటికిని మనుష్యుఁడే కూర్చుండును. కాని కొక్కెము లేదు, త్రిప్పుట లేదు. పూజారి యాసనముపైఁ గూర్చుండి విసనకఱ్ఱ వీచుచు నూరేఁగును. దసరా వెళ్ళిన మంగళవారమునాఁ డా మ్రాను వీథులఁ గదలునప్పుడు లక్షలజనులు మ్రొక్కుదురు. ఒకే మ్రాను ఒకచోట నెత్తురు విడిచి సింహాసన మైనది. ఒకచోట మనుష్యుని విడిచి మేకను బట్టుకొన్నది.

మల్లామునఁ దొమ్మిది ఖండములు, సిడిమ్రానున రెండు కొక్కెములు, కాళంగియొడ్డున నొక మేక. ఈ మూఁటిని నేరుగ నొకే పరంపరలోఁ గూర్చుట కింకను నాధారములు కావలయును. మల్లాము నవఖండ మాత్మార్పణము, సిడి మ్రొక్కుబడి, సుళ్ళు ఊరుమ్మడి యుత్సవము. వీని ప్రయోజనములు భిన్నములు. కాని మూఁటను దేహమునే దేవి కెదుటఁ బెట్టు భావము సమానము. ఆ దేహము క్రమక్రమముగ మ్రొక్కువానిది గాకపోవుటయే యిందలి చరిత్ర. 1950లో మద్రాసుశాసనసభ దేవాలయములలోఁ బశుపక్షిబలులను నిషేధించుచు నొక చట్టమును జేసెను. మ్రానికిఁ గట్టి త్రిప్పుట బలి యనఁబడునా, పడదా యని తర్కించుట న్యాయవాదుల పని. చరిత్రకారున కింత చాలును: మ్రాను మఱల నేలకు దిగునప్పటికి మనుష్యుఁడు బ్రదికియే యుండును, కథలోని కాపరివాఁడును నట్లే బ్రదికి యొడ్డునకు వచ్చెను.

ఇఁక దీవినిగూర్చి. సముద్రమార్గమున వచ్చిన వర్తకు లీ తీరమును జాలమాఱులు మార్చిరి. ఓలందువారు పఴవేఱ్కాటఁ గోటగట్టిన పదుమూఁడేండ్లకు, 1626 ప్రాంతమున, ఆంగ్లేయులు దీవి కుత్తరమున దుగరాజపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పి దానిని ఆర్మగాన్ అనిరి. 1639లో మద్రాసు దొరకఁగానే దానిని బోవిడిచిరి. దీవిలో మాత్రము వర్తకులు గాక యానాదులు నివసించుచుండిరి. దుంపలు, తేనె, మూలికలు, చేఁపలు వారి జీవనము. 1835లోఁ గుంఫిణీప్రభుత్వము దీవిని స్వాధీనపఱచుకొని, యానాదులచేత నడవిపంటను గూర్పించి వారికి ధాన్య మిచ్చు నేర్పాటు చేసెను. దీవినుండి వంటచెఱకు చెన్నపట్టణమునకుఁ బోవుచుండెను. యానాదుల బ్రదుకును గూర్చి థర్స్టన్ గారు 1909లోఁ జాల వ్రాసిరి. వారికి సరస్సు దాఁటి వచ్చినప్పుడు మొదటఁ గానవచ్చు పెద్దగుడి చెంగాళమ్మదే. సరస్సులోని వేనాటిదీవి దర్గాకు గంధోత్సవమున హిందువులును బోయినట్లే, చెంగాళమ్మ జాతరకు నన్ని తెగలవారును వత్తురు. నీటిమీఁద బ్రదుకువారికి మతభేదముకంటె గాలివాటము ముఖ్యము.

1969లో శ్రీహరికోట ఆకాశనౌకాకేంద్రమున కెన్నుకొనఁబడెను. రమారమి 43 వేల యెకరముల నేల యందుకుఁ జేరినది. దీవిలోని పల్లెలు లేచిపోయినవి. యానాదులు తరతరములుగఁ దిరిగిన యడవి కావలిలోఁ బడినది. సూళ్ళూరుపేటనుండి సరస్సు నడుమగఁ గట్టబాట వేయఁబడెను. 1971వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీని మొదటి చిన్నరాకెట్టు దీవినుండి యెగసెను. 1979 ఆగస్టు 10వ తేదీని బ్రయోగించిన తొలి యుపగ్రహవాహకము సముద్రమునఁ గూలెను. 1980 జూలై 18వ తేదీని రెండవది సఫలమయ్యెను. 2002లో నా కేంద్రమునకు సతీశ్ ధవన్ గారి పేరు పెట్టఁబడినది.

దీవి ద్వారమున నున్న దేవతకు నప్పటినుండి క్రొత్తభక్తు లేర్పడిరి. ప్రయోగమునకు ముందు అంతరిక్షపరిశోధనసంస్థ యధ్యక్షులు చెంగాళమ్మను దర్శించుట వాడుక యయ్యెను. 2023వ సంవత్సరము జూలై 13వ తేదీని, చంద్రయాన్-3 ప్రయోగమునకు ముందునాఁడు, అప్పటి యధ్యక్షులు సోమనాథ్ గారు గుడికి వచ్చి పూజ చేయించిరి. శాస్త్రజ్ఞులకు గుడి యేల యని కొందఱు పత్రికలలోఁ బరిహసింతురు. లెక్కలు సరిచూచుకొన్నపిమ్మటనే వచ్చుచున్నారు గదా యని కొందఱు సమాధానము చెప్పుదురు. ఈ వివాద మొక యూరి యాచారమును నెఱుఁగనివారిది. నీటిని దాఁటి దీవికిఁ బోవువాఁడు పడవనైనను, గట్టబాటనైనను, బోవుటకు ముందు కాళంగియొడ్డున నాఁగి మ్రొక్కుట యచ్చటఁ బూర్వమునుండి యున్నదే. యానాదులు దీవినుండి యీవలకు వచ్చునప్పుడు మ్రొక్కిరి. శాస్త్రజ్ఞు లీవలనుండి దీవికిఁ బోవునప్పుడు మ్రొక్కుచున్నారు. కట్టబాటకు నిరుప్రక్కల చలికాలమున రాజహంసలు వ్రాలు నుప్పునీటిలో బెస్తలు వలలు విసరుచునే యున్నారు. వారు తెల్లవాఱకముందే పడవ లెక్కుదురు. ఆ వేళకుఁ దక్కిన గుడులలో మేల్కొలుపు పాడరు, చెంగాళమ్మ గుడిలో దీపము కనఁబడుచుండును.